ఎర్ర బండి ఇంజను మీది ఎనిమిది అంకెలు

వాహనాల నమోదు కార్యాలయపు పై అధికారి గారికి,

మా వీధిలో నకళ్ల తాతగా పిలవబడే నాకు ఇప్పుడు డెబ్బై నాలుగు సంవత్సరాలు. ముప్పై ఎనిమిదేళ్లు నకలు గుమాస్తాగా పనిచేసి, ఒకరు రాసినదానిని అక్షరం పొల్లుపోకుండా మరొక కాగితం మీదికి ఎత్తిరాయడమే వృత్తిగా బతికినవాడిని. ఎర్ర బండి టర్నరుగా నలుగురికీ తెలిసిన అరవై మూడేళ్ల వ్యక్తిని, ఆయన భార్యను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. వారికీ నాకూ రక్తసంబంధం లేదు. వారి గుమ్మానికీ మా గుమ్మానికీ నడుమ పదకొండు అడుగుల సందు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ సందు దాటి ఎన్ని గిన్నెలు అటు వెళ్లాయో, ఎన్ని ఇటు వచ్చాయో లెక్క లేదు.

ఇంతవరకు నా సొంత మాటగా ఏ అధికారికీ ఒక్క పంక్తి రాసి ఎరుగను. మొదటిసారి రాస్తున్నందున ఎక్కడైనా అవసరానికి మించి రాసినట్లు కనిపిస్తే మన్నించవలసినదిగా ముందుగానే కోరుతున్నాను. అయితే ఆయన ఎర్ర మోటారు సైకిలును వచ్చే నెల పదిహేనో తారీఖున తుక్కుగా నలగ్గొట్టాలని తమ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. నలగ్గొట్టబోయేది ఏమిటో తమకు తెలియాలంటే ఆ మనిషి ఎవరో మొదట తెలియాలి.

ఆయన లేతు మిషను మీద పనిచేసే టర్నరు. వీధి చివర రేకుల షెడ్డులో ఒక్క లేతు, ఒక బెంచీ, గోడకు కొలత కర్రలు, నేల మీద ఎప్పుడూ ఇనుప పొట్టు. ఆయన కోసిన మర బిగిస్తే వదలదు, విప్పితే మొరాయించదు అని పట్టణంలో పేరు. ఆయన భార్య కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేది. ఆయన ఇనుము, ఆమె గాజు. ఇద్దరూ సాయంత్రం ఇంటికి చేరాక చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని ఎవరి చేతులు ఎక్కువ కంపో తేల్చుకోవడం నేను మా అరుగు మీది నుంచి ఎన్నోసార్లు విన్నాను. వారికి పిల్లలు లేరు. ఆ విషయంలో వారు ఎవరినీ దూషించగా నేను వినలేదు.

ఆ బండి వారింటికి వచ్చింది ఇరవై రెండేళ్ల కిందట. అప్పటికే అది ఇద్దరి చేతులు మారినది. ఎరుపు రంగు, రెండు సిలిండర్లు, ముందు భాగంలో సగానికి తొడుగు, కొంచెం ముందుకు వంగి పట్టుకోవలసిన హ్యాండిలు. చూపుకు పందెపు బండి. గుణానికి సంసారి. పొద్దున పనికి, సాయంత్రం అంగడికి, సెలవు రోజున కొండ దారికి, ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే ఆసుపత్రికి, అన్నిటికీ అదే. కొత్తగా పందెపు బండి కొనలేని వారందరూ కొనగలిగిన బండి అది. పెద్ద బండ్ల వారు దానిని చూసి పెదవి విరిచేవారు. మామూలు బండ్ల వారు అనుమానంగా చూసేవారు. ఒకాయన షెడ్డులోనే నిలబడి, "రెంటికీ చెడ్డ రేవడి మాస్టారూ ఇది" అన్నాడు. టర్నరు తల ఎత్తకుండానే, "రెంటికీ పనికొచ్చే రేవడి అనండి" అని దిద్దాడు.

దానిని ఇంటికి తెచ్చిన రోజు ఆయన వెంట బావమరిది కూడా ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పనివాడు, అక్క కంటే ఆరేళ్లు చిన్న. అతనిని అందరూ సైలెన్సరు అనేవారు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవన్నట్లు, నిద్రలో తప్ప ఆ నోటికి విరామం ఉండేది కాదు. అదే రకం బండిని అతను అంతకు ఏడాది ముందే కొన్నాడు. బావగారికి ఈ పిచ్చి అంటించింది అతనే.

ఆమె గుమ్మంలోకి వచ్చి నడుము మీద చేయి పెట్టుకుని చూసింది.

"ఏంటిది? ఈ వయసులో పందేలకి వెళ్తారా?"

"పందేలకి కాదే. కూరగాయలకి."

"కూరగాయలకి దీనికి ఇంత ముక్కెందుకూ?"

"అక్కా, ముక్కు చూసి సంబంధం వద్దనకూడదు," అన్నాడు తమ్ముడు. "గుణం చూడాలి. ఎంత అణకువగా నిలబడిందో చూడు."

"నువ్వు నోరు ముయ్యి. ఈ మంట పెట్టింది నువ్వే."

"నేను నోరు మూస్తే ఈ వీధికి పొద్దుపోదక్కా. కావాలంటే నకళ్ల బాబాయిగారిని అడుగు."

నేను తల ఊపలేదు. ఊపి ఉంటే అబద్ధమయ్యేది కాదు.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి వెనక సీటు ఎక్కింది. ఆ రకం బండికి వెనక సీటు ఎత్తుగా ఉంటుంది. పది నిమిషాలలో తిరిగివచ్చి దిగింది. జుట్టంతా రేగిపోయి ఉంది. నవ్వు ఆపుకోలేక, "బాబాయిగారూ, పెళ్లయిన పదకొండేళ్లకి ఈయన తల మీంచి లోకాన్ని చూశాను," అంది. ఆయన ఆమెను పిచ్చుకా అని పిలవడం నేను మొదట విన్నది ఆ రోజే. "దిగు పిచ్చుకా, ఇక దిగు, ఇంజను చల్లారనీ" అన్నాడు. ఆ తరువాత ఆ పేరు సందులో రోజూ వినబడేది.

ఈ పట్టణంలో ఆ రకం బండ్లు మొత్తం ఆరు ఉండేవి. తయారు చేసే కంపెనీ వాటిని మానేసి పందొమ్మిదేళ్లయింది. అంగడిలో విడిభాగాలు దొరకవు. ఆరుగురు యజమానులూ ఆదివారం పొద్దున టర్నరు షెడ్డులో కూడేవారు. వారిలో బడి డ్రిల్లు మాస్టారు ఉన్నారు, పశువుల వైద్యురాలు ఉన్నారు. షెడ్డు గోడ మీద సుద్దతో ఒక వాక్యం రాసి ఉండేది: చచ్చిన బండిలో ఉన్నది బతికున్న బండి హక్కు. ఆ వాక్యాన్ని శుభ్రమైన అక్షరాలతో రాసిపెట్టమని అడిగితే రాసింది నేనే. ఆరింటిలో ఏది మూలపడినా దాని భాగాలు మిగిలినవాటికి చెందాలి. అమ్మకూడదు, కొనకూడదు. పక్క తొడుగు పట్టుకునే చిన్న చెవి ఆ రకం బండ్లన్నిటికీ ఎడమ వైపు తప్పకుండా విరుగుతుంది. దానిని అల్యూమినియంతో చేసి ఆరుగురికీ ఇచ్చింది టర్నరే. మరొక దోషం కూడా వాటన్నిటికీ ఉంది. పెట్రోలు చూపే ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే నిలబడి ఉంటుంది. టాంకు నిండుగా ఉన్నా సగమే, ఎండినా సగమే. అందుచేత ఆ యజమానులు బండిని అటూ ఇటూ ఊపి, టాంకు మీద చెవి ఆనించి, లోపలి చప్పుడు విని కొలత చెబుతారు. రోడ్డు పక్కన ఒక పెద్దమనిషి తన బండికి చెవి ఆనించి నిలబడితే తెలియనివారు నవ్వుకునేవారు. తెలిసిన మేము మాత్రం "ఎంతుందట?" అని అడిగేవాళ్లం.

"దాని గుండె బాగానే కొట్టుకుంటోంది గానీ నా నడుమే బాగాలేదు," అనేది ఆమె. "నా గుండెకి ఇలా ఎప్పుడైనా చెవి పెట్టారా అని అడగండి బాబాయిగారూ."

"నీది వినడానికి చెవి పెట్టాలా? వీధి చివరికి వినిపిస్తుంది," అనేవాడు ఆయన.

తొమ్మిదేళ్ల కిందట బావమరిదికి జబ్బు చేసింది. నాలుగు నెలలలో మనిషి సగమయ్యాడు. మాట మాత్రం తగ్గలేదు. అదే కాలంలో టర్నరు బండి ఇంజను గుల్ల, అంటే ఇంజనును మూసి ఉంచే లోహపు పెట్టె, పగిలింది. అతుకు వేయడానికి వీలులేని చోట పగిలింది. ఆ సంగతి రోగికి చెప్పవద్దని అనుకున్నారు గాని, ఆదివారం షెడ్డులో ఎవరి బండి మోగలేదో మంచం మీది నుంచి అతనే కనిపెట్టాడు.

"బావా, నా బండి విప్పెయ్."

"నోర్ముయ్యరా. నువ్వు లేచాక మళ్లీ ఎక్కాలి."

"లేస్తే నీ వెనక కూర్చుంటాలే. గోడ మీద రాసుకున్నాంగా. ఆ గోడకి మనమే మాట తప్పితే ఎలా?"

అతను పోయాక టర్నరు రెండు నెలలు ఆ బండిని ముట్టుకోలేదు. తరువాత ఒక మధ్యాహ్నం ఇంజను దింపి తన ఎర్ర బండిలో బిగించాడు. మిగిలిన భాగాలు నియమం ప్రకారం నలుగురికీ వెళ్లాయి. ఇంజను అమర్చడం పూర్తయిన రోజు నన్ను షెడ్డుకు రమ్మని కబురు పెట్టాడు. తమ ఉత్తర్వుకు మూలమైనది ఆ రోజు జరిగింది. కనుక దానిని ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

అప్పుడు పగలు మూడు గంటలు. ఆయన భార్య దుకాణంలో పనిలో ఉంది. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. బెంచీ మీద లోహం మీద అంకెలు కొట్టే పంచులు వరుసగా పేర్చి ఉన్నాయి. ఇంజను గుల్ల మీద కంపెనీ కొట్టిన నంబరు ఉంది. దాని పక్కన రెండు వేళ్ల మేర ఖాళీ ఉంది.

"గుమాస్తా గారూ, మరణ ధ్రువపత్రానికి అర్జీ రాసింది మీరే గదా. వాడు పోయిన తేదీ ఒకసారి చదవండి. నేను తప్పు కొట్టకూడదు."

"ఇక్కడే ఎందుకు?" అని అడిగాను.

"పేరుండాల్సింది నంబరు పక్కనే గదండీ. ఇది ఎవరిదో రేపు విప్పేవాడికి తెలియొద్దూ? నా తర్వాత ఇంకొకరి బండిలోకి వెళ్తుంది. వాళ్లు నాది అనుకుంటారు. నాది కాదుగా."

నేను నా కాగితంలోంచి తేదీ, నెల, సంవత్సరం ఒక్కొక్క అంకెగా చదివాను. ఆయన ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క దెబ్బ వేశాడు. మొత్తం ఎనిమిది అంకెలు. ఒక్కటి కూడా వంగలేదు. చివరి అంకె కొట్టాక సుత్తి కింద పెట్టి, చేతిగుడ్డతో గుల్ల తుడిచి, అదే గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ముఖానికి నూనె మరకలు అయ్యాయి.

ఇంజను మార్చితే ముందుగా తమ కార్యాలయానికి తెలియజేయాలన్న నియమం నాకు తెలియనిది కాదు. ఆ నియమాన్ని నా చేత్తో కనీసం ఇరవైసార్లు ఎత్తిరాశాను. ఆ మధ్యాహ్నం అది నా మనసుకు రాలేదు. నా ఎదుట జరిగింది వాహనాలకు సంబంధించిన వ్యవహారమని నాకు తోచలేదు. ఇది నా మొదటి తప్పు.

మూడేళ్ల కిందట టర్నరు ఒకరికి కుడి మర కోయబోయి ఎడమ మర కోశాడు. తరువాత వారంలోనే మళ్లీ కోశాడు. కొలత కర్ర చేతిలో పెట్టుకుని కొలత కర్ర కోసం వెదికాడు. వైద్యుడు జబ్బు పేరు చెప్పి, అది వెనక్కి పోయేది కాదన్నాడు. షెడ్డు మూతపడింది. ఏడాది తిరిగేసరికి డ్రిల్లు మాస్టారి పేరు పోయింది. ఆ తరువాత మా పేర్లు, గిన్నెల పేర్లు, ఇంట్లోని గదుల దారులు పోయాయి. చివరికి, అంటే పద్నాలుగు నెలల కిందట, ఒక పొద్దున ఆయన భార్యను చూసి చేతులు జోడించి, "అమ్మా, మీరు ఎవరింటికి వచ్చారు?" అని మర్యాదగా అడిగాడు. ఆమె సందు దాటి మా ఇంటికి వచ్చి, కుర్చీలో గంటసేపు కూర్చుంది. లేచి వెళ్లేటప్పుడు, "ముప్పై రెండేళ్లలో ఆయన నన్ను మీరు అనడం ఇదే మొదటిసారి బాబాయిగారూ," అంది.

మిగిలింది బండి ఒక్కటే. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆమె దానిని ఎండలోకి తోసి నిలబెట్టేది. ఆయన దానిని ఊపేవాడు, చెవి పెట్టేవాడు, మీట నొక్కేవాడు. ఇంజను మోగగానే ఆయన భుజాలు కిందికి దిగేవి. ఒక్కోసారి తల పక్కకు వంచి విని, "వాడొచ్చాడు," అనేవాడు. అంత మాత్రానికే అన్నం తినేవాడు, స్నానానికి లేచేవాడు, చెప్పిన చోట కూర్చునేవాడు. ఆ పావుగంట చప్పుడు మీద ఆ ఇంట్లో రోజంతా నడిచేది. వీధిలో ఎవరూ చప్పుడని ఫిర్యాదు చేయలేదు. ఆ చప్పుడు వినబడకపోతేనే కిటికీలు తెరిచేవారు.

ఇక నా రెండవ తప్పు. ఆ బండి నమోదు గడువు ముగియబోతున్నదని కాగితం చూసి చెప్పింది నేనే. "రోడ్డెక్కేది లేదు గదా బాబాయిగారూ, వదిలేద్దాం," అంది ఆమె. "కాగితం సక్రమంగా ఉండాలమ్మా. గడువు మీరిన కాగితం ఇంట్లో ఉండకూడదు," అన్నాను. ఆమె నా మాట విని, డ్రిల్లు మాస్టారి సాయంతో బండిని తమ తనిఖీ ఆవరణకు పంపింది. నేను ఆ మాట అనకపోతే బండి ఈ రోజుకూ ఎండలోనే నిలబడి ఉండేది.

తనిఖీ చేసిన ఉద్యోగి కాగితంలోని ఇంజను నంబరుకూ గుల్ల మీది నంబరుకూ పొంతన లేదని కనిపెట్టాడు. దాని పక్కన ఎనిమిది అంకెలు చేత్తో కొట్టి ఉన్నాయని, నంబరు దిద్దడానికి చేసిన ప్రయత్నమని రాశాడు. ఆ గుల్ల నంబరు గల బండి చనిపోయిన మనిషి పేరున ఉందని, ఆ బండి ఎక్కడా లేదని తేలింది. ఆ ఉద్యోగిని నేను తప్పుపట్టను. తన కంటికి కనిపించింది రాశాడు. బండిని జప్తు ఆవరణకు చేర్చారు. యజమాని స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పాలని నోటీసు వచ్చింది. నోటీసులో నా పేరు లేదు. పేరు లేని గదిలోకి వెళ్లకపోవడం నా అలవాటు. ఆ అలవాటును ఆ రోజు మానుకుని ఉండవలసింది. లోపల జరిగింది ఆమె చెప్పగా విన్నాను.

అధికారి ఫోటో చూపించి, "ఈ అంకెలు ఎవరు కొట్టారండీ?" అని అడిగారట.

టర్నరు ఫోటోను వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడట. "నాకు తెలియదండీ," అన్నాడట. ఫోటో తిరిగి ఇవ్వబోయి మళ్లీ చూసి, "ఎవరో గానీ పనిమంతుడండీ. ఒక్క అంకె వంగలేదు. అన్నిటికీ దెబ్బ ఒకే లోతు," అన్నాడట.

రికార్డులో, "అంకెల సంగతి తనకు తెలియదని యజమాని చెప్పినాడు," అని ఉంది. అది నిజమే. రెండవ మాట మాత్రం రాయలేదు. నకలు రాసింది నేనయితే అదీ రాసేవాడిని. అంకెలు కొట్టడం చూశారా అని ఆమెను కూడా అడిగారు. చూడలేదని ఆమె నిజమే చెప్పింది. ఆ రెండు జవాబుల మీదే నలగ్గొట్టే ఉత్తర్వు వచ్చింది. చూసినవాడిని నేను ఒక్కడినే.

బండి పోయిన మరునాటి పొద్దున ఎనిమిదింటికి ఆయన వాకిట్లోకి వచ్చాడు. నూనె మరక ఉంది, బండి లేదు. "బండేది?" అని అడిగాడు. ఆమె జరిగినది చెప్పింది. ఆయన మెట్ల మీద కూర్చుని, చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. మధ్యాహ్నానికి మరిచిపోయాడు. మరునాడు ఎనిమిదింటికి మళ్లీ వచ్చాడు, మళ్లీ అడిగాడు, మళ్లీ అంతే ఏడ్చాడు. నిన్నటి ఏడుపు ఆయనకు గుర్తు లేదు. అది ఆమెకు గుర్తుంది. ఆరో రోజున ఆమె అబద్ధమాడింది.

"బండేదమ్మా?"

"మా తమ్ముడు తీసుకెళ్లాడండీ."

ఆయన ముఖం వికసించింది. "వాడా? వాడైతే పర్లేదు. తెచ్చేస్తాడు."

నయమైందనుకున్నాం. కాని ఆ రోజు నుంచి ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని బావమరిది కోసం ఎదురుచూస్తున్నాడు. టీ ఇస్తే, "వాడు రానీ, ఇద్దరం తాగుతాం," అంటాడు. ఇద్దరికీ రెండు గ్లాసులు పెట్టాలి. ఆ రెండూ చల్లారిపోతాయి. సాయంత్రమయ్యేసరికి, "ఇంకా రాలేదేంటి? దారిలో ఏమైనా అయిందేమో, కనుక్కోండమ్మా," అని బతిమాలతాడు. "పని ఎక్కువుందట, రేపొస్తానన్నాడు," అని ఆమె చెప్పాలి. తన చేతుల మీద సాగనంపిన తమ్ముడిని ఆమె రోజూ పొద్దున బతికించి, సాయంత్రం ఆలస్యానికి క్షమాపణ చెబుతోంది. ఇప్పటికి డెబ్బై మూడు రోజులయింది. టర్నరు బరువు బాగా తగ్గింది. స్నానానికి లేవడు. పిలిచినా పలకడు.

పోయిన గురువారం మేము ముగ్గురం జప్తు ఆవరణకు వెళ్లాం. నలగ్గొట్టే లోపల ఒక్కసారి చూపించాలని ఆమె పట్టుబట్టింది. కాపలా మనిషి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, "అయిదు నిమిషాలేనమ్మా. ముట్టుకోకూడదు," అన్నాడు. లోపల రెండు మూడు వందల బండ్లు వరుసలుగా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అన్నిటికీ రంగు ఒకటే, దుమ్ము రంగు. మాకు ఆనవాలు చిక్కలేదు. నేను రసీదులోని వరుస సంఖ్య చదువుతుండగా, ఎవరి ఇంటికి వచ్చారని భార్యను అడిగే ఆ మనిషి మా చేతులు విడిపించుకుని, మూడు వరుసలు దాటి, నాలుగో వరుసలో తిన్నగా దాని ముందు నిలబడ్డాడు.

కాపలా మనిషి వద్దనబోయి ఊరుకున్నాడు.

ఆయన వంగి ఇంజను గుల్ల మీద దుమ్ము బొటనవేలితో తుడిచాడు. వేలు ఒక్కొక్క అంకె మీదుగా నడిచింది. తరువాత హ్యాండిలు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపి, టాంకు మీద చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తల ఎత్తకుండానే పిలిచాడు.

"పిచ్చుకా."

ఆమె నా వెనక నిలబడి ఉంది. నన్ను దాటి ముందుకు వచ్చింది. "ఆఁ."

"పెట్రోలు లేదే. ఎవరో తీసేశారు. చూసుకోవద్దూ?"

"మర్చిపోయానండీ."

"నీ మతిమరుపు తగలెయ్య. ఇలాగైతే ఎలా బతుకుతావే నువ్వు?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఆయన అది గమనించలేదు. ఆయన వేలు మళ్లీ అంకెల మీదికి వెళ్లింది. "ఇదిగో, వాడి తేదీ. గుమాస్తా గారు చదివారు, నేను కొట్టాను. వరస తప్పలేదు చూడు." నా వైపు తిరిగి, "ఏమండీ, తప్పలేదు గదా?" అన్నాడు.

"తప్పలేదు," అన్నాను.

సంజాయిషీ గదిలో ఆయన చెప్పలేకపోయిన జవాబు అది. అది విన్నవారం నేను, ఆయన భార్య, తమ కాపలా మనిషి.

"వాడు పోయి ఎన్నాళ్లయిందే?"

"తొమ్మిదేళ్లండీ."

"తొమ్మిదేళ్లా!" అని ఆయన బండి పక్కనే దుమ్ములో కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది. ఆయన ఆమె తల మీద చేయి వేశాడు. డెబ్బై రోజులుగా తమ్ముడు బతికే ఉన్నాడని చెబుతూ వచ్చిన ఆ మనిషి, తమ్ముడు పోయినందుకు భర్త పక్కన కూర్చుని ఏడవగలిగింది ఆ కాసేపే. కాపలా మనిషి అయిదు నిమిషాలన్నాడు గాని అటు తిరిగి నిలబడి, ఇరవై నిమిషాల వరకు వెనక్కి చూడలేదు. అతని మీద చర్య తీసుకోవద్దని మనవి.

గేటు బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాం. మలుపు తిరిగే లోపలే ఆయన ఆమె చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకున్నాడు. "మీరెవరో గానీ అమ్మా, చాలా ఓపిగ్గా తీసుకొచ్చారు. మీకు శ్రమ ఇచ్చాం," అన్నాడు. "శ్రమేముందండీ," అంది ఆమె.

పై సంగతులన్నీ నేను కళ్లారా చూసినవి, లేదా ఆమె నోట అదే వారంలో విన్నవి. ఏది ఏదో ఎక్కడికక్కడ రాశాను. మరణ ధ్రువపత్రపు నకలు దీనితో జతచేశాను. దానిలోని తేదీనీ గుల్ల మీది ఎనిమిది అంకెలనూ తమరు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. బావమరిది బండి అసలు కాగితాలను అక్క భద్రంగా ఉంచింది, అవీ జతచేశాను. మిగిలిన నలుగురు యజమానులు తమ బండ్లలో ఏ ఏ భాగాలు ఆ బండివో రాసి సంతకాలు చేశారు. అంకెలను చదివి కొట్టించినది నేను. దానికి శిక్ష ఉంటే అది నాకు చెందుతుంది.

కాబట్టి తమరిని కోరేది ఏమనగా, నలగ్గొట్టే ఉత్తర్వును నిలిపి, ఆ బండిని టర్నరు గారి భార్యకు అప్పగించాలి. దాని నమోదు రద్దు చేయండి, మాకు అభ్యంతరం లేదు. నంబరు పలక తీసుకోండి. గొలుసు విప్పించి తమ దగ్గరే ఉంచుకోండి. చక్రాలు కదలకుండా తాళం వేయాలన్నా వేయించండి, ఏటా తనిఖీకి మనిషిని పంపినా సరే. అది ఇక ఏ రోడ్డూ ఎక్కదని నేను, ఆమె సంతకం చేసి ఇస్తాం. ఆ ఇంటికి నడిచే బండి అక్కరలేదు. పొద్దున ఎనిమిదింటికి ఎండలో నిలబడి పావుగంట మోగితే చాలు. పదిహేనో తారీఖుకు ఇక పందొమ్మిది రోజులున్నాయి. ఆయనకు ఎన్ని ఉన్నాయో వైద్యుడు చెప్పలేదు. తమ జవాబు ఏదైనా సరే, నాకు కాక, ఆమె పేరున పంపవలసినదిగా ప్రార్థిస్తున్నాను. నేను సందు దాటి వెళ్లి చదివి వినిపిస్తాను.